రంగుల సోడా – 3వ పాఠం: నీలం, ఊదా, ఒకే గ్లాసులో

గత పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను. రెండు సోడా సీసాలు తెచ్చి, ఒకటి రాత్రంతా ఫ్రిజ్‌లో, రెండోది వంటింటి గట్టు మీద ఉంచి, మర్నాడు మధ్యాహ్నం రెండింటి మూతలూ తీసి చూడమన్నాను. చేసినవాళ్లకి తేడా తెలిసే ఉంటుంది. గట్టు మీది సీసా బుస్సుమని పొంగి చెయ్యి తడిపేస్తుంది. ఫ్రిజ్‌లోది చిన్నగా 'స్‌స్' అని ఊరుకుంటుంది. గ్లాసుల్లో పోసి పది నిమిషాలు ఆగితే గట్టు మీదిది చప్పబడిపోతుంది, ఫ్రిజ్‌లోది ఇంకా నాలుక మీద చురుక్కుమంటూనే ఉంటుంది. చేయనివాళ్లు ఇవాళ చేసి చూడండి. ఈ పాఠమంతా దాని మీదే ఆధారపడి ఉంది.

కారణం తేలికే. సోడాలో ఉండేది నీళ్లు, కార్బన్ డయాక్సైడ్ గ్యాస్. నీళ్లు ఎంత చల్లగా ఉంటే అంత గ్యాస్‌ని పట్టి ఉంచుతాయి. మామూలు గాలి ఒత్తిడిలో, సున్నా డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 3.3 గ్రాముల దాకా గ్యాస్ కరిగి ఉండగలదు. 25 డిగ్రీలకి వచ్చేసరికి అది ఒకటిన్నర గ్రాములకి పడిపోతుంది. మన మే నెల మధ్యాహ్నం, 40 డిగ్రీల ఎండలో, దాదాపు ఒక్క గ్రామే. సీసాలో ఒత్తిడి పెట్టి అంతకన్నా చాలా ఎక్కువ గ్యాస్ పట్టిస్తారు కాబట్టి, మూత తీసిన క్షణం నుంచి అది బయటికి పోయే దారే వెతుక్కుంటుంది. గోలీ సోడా గుర్తుందా? 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లండ్ ఆయన పేటెంట్ తీసుకున్న సీసా అది. లోపలి గ్యాసే గోలీని పైకి తోసి రబ్బరు రింగుకి అదిమి పెడుతుంది, వేరే మూత అక్కర్లేదు. బొటనవేలితో గట్టిగా నొక్కితే తప్ప గోలీ కదలదు. గ్యాస్‌కి ఎంత బలం ఉందో చేతికి తెలిసేది అక్కడే.

ఇవాళ చేయబోయేది శంఖుపుష్పం సోడా. గ్లాసు అడుగున నిమ్మ, అల్లం పాకం లేత పసుపు రంగులో ఉంటుంది. పైన నీలం. రెండూ కలిసే చోట ఊదా రంగు తెర ఒకటి మెల్లగా దిగుతూ కనిపిస్తుంది. చెంచాతో తిప్పగానే గ్లాసంతా ఊదా అయిపోతుంది. కొన్న రంగు ఒక్క చుక్క కూడా వేయం.

దీన్ని పాఠంగా ఎందుకు పెట్టానో చెప్పాలి. ఇప్పుడు మన ఇళ్లలో పుట్టినరోజైనా, మేడ మీద రాత్రి భోజనాలైనా, తాగేవాళ్ల కోసం బోలెడు ఏర్పాట్లు జరుగుతాయి. తాగనివాళ్లకి మాత్రం ఒక రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, పక్కన కాగితం గ్లాసుల దొంతర. అత్తయ్యలు, పిల్లలు, బీపీ మాత్రలు వేసుకునే పెదనాన్నలు, ఉపవాసం ఉన్నవాళ్లు అందరూ ఆ సీసా దగ్గరే నిలబడతారు. వాళ్ల కోసం కూడా ఎవరో నిలబడి, గ్లాసు గ్లాసుకీ శ్రద్ధగా కలిపి ఇవ్వాలని నా కోరిక.

గ్లాసు గ్లాసుకీ అన్న మాట ఊరికే అనలేదు. కొన్నేళ్ల కిందట మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి ఇదే పానీయం చేస్తానని ఒప్పుకున్నాను. మే నెల, మధ్యాహ్నం ముహూర్తం. వందమంది వస్తారన్న టెన్షన్‌లో పాకం, నిమ్మరసం, శంఖుపువ్వులు నానబెట్టిన నీలి డికాషన్, సోడా, ఐసు అన్నీ ఒక పెద్ద స్టీలు గంగాళంలో గంట ముందే కలిపేశాను. చుట్టాలు వచ్చేసరికి అందులో మిగిలింది తియ్యటి ఊదా నీళ్లు. గ్యాస్ లేదు. నీలం ఎప్పుడో ఊదాలో కలిసిపోయింది. మా మేనకోడలు గ్లాసు పట్టుకుని, "మామయ్యా, రంగు మారుతుందన్నావు కదా?" అని అడిగింది. ఆ ప్రశ్న దగ్గరే నాకు విషయం అర్థమైంది. ఈ పానీయంలో గ్యాస్‌కీ రంగుకీ ఉన్న ఆయుష్షు కొద్ది నిమిషాలే. ఆ నిమిషాలు చుట్టాల చేతిలో గడవాలి, మన వంటింట్లో కాదు. అందుకని పనంతా ముందు రోజు చేసి పెట్టుకోవాలి, కలపడం మాత్రం ఎదురుగా చేయాలి.

ముందు పాకం. 20 గ్లాసులకి లెక్క చెబుతాను.

అర కిలో పంచదారకి పావు లీటరు నీళ్లు. మొదటి పాఠంలో చెప్పినట్టే, తీగ పాకం రానివ్వకూడదు. పంచదార కరిగి, నీళ్లు తేటగా అవగానే దించేయండి. అది పూర్తిగా చల్లారాకే నిమ్మరసం పోయాలి. వేడి మీద పోస్తే నిమ్మ వాసన ఆవిరితో పోయి, ఉత్త పులుపు మిగులుతుంది. 150 మిల్లీలీటర్ల రసం కావాలి. మంచి రసం ఉన్న కాయలైతే పన్నెండు సరిపోతాయి. గూడూరు, తెనాలి వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు గానీ, మిగతావాళ్లు కాయ కొనేటప్పుడు పైన నున్నగా, పలచటి తొక్కతో ఉన్నది, చేతిలో బరువుగా అనిపించేది తీసుకోండి. చిటికెడు ఉప్పు ఇప్పుడే పాకంలో కరిగించేయండి. సోడా పోశాక ఉప్పు వేస్తే ఏమవుతుందో బండి దగ్గర ఉప్పు సోడా తాగినవాళ్లకి తెలుసు, గ్లాసు పొంగి పొర్లుతుంది. ప్రతి ఉప్పు రవ్వ చుట్టూ బుడగలు పుట్టి గ్యాస్ అంతా ఒక్కసారే లేచిపోతుంది.

అల్లం సంగతి కొంచెం నిదానంగా చూద్దాం, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. 50 గ్రాముల అల్లం చెక్కు తీసి, చిన్న రోట్లో దంచి, రెండు చెంచాల నీళ్లు చిలకరించి పలచటి గుడ్డలో వేసి పిండండి. వచ్చిన రసాన్ని గాజు గిన్నెలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా వదిలేయండి. గిన్నె అడుగున తెల్లటి పిండి పేరుకుంటుంది. అది అల్లంలోని గంజి. పైన ఉన్న తేటను మెల్లగా పాకంలోకి ఒంపి, ఆ తెల్లటి మడ్డిని వదిలేయాలి. వదలకపోతే పాకం మసకబారుతుంది. మసక పాకంలో ఊదా రంగు బురదలా కనిపిస్తుంది. వంచేటప్పుడు తెలుపు గిన్నె అంచు దాకా పాకుతూ వస్తుంది, అది కనిపించగానే ఆపేయండి. చెంచాడు రసం పోయినా నష్టం లేదు.

ఇక నీలం. శంఖుపుష్పం తీగ మన పెరళ్లలో, కంచెల మీద ఉండేదే. తెల్ల పువ్వుల రకం రంగు ఇవ్వదు, నీలిదే కావాలి. కోసిన పువ్వులైతే 60, ఎండబెట్టినవైతే 40. పూలకొట్లో కొన్న పువ్వులు మాత్రం వాడొద్దు, వాటి మీద ఏ మందు కొట్టారో మనకి తెలియదు. పచ్చి పువ్వుకి వెనకున్న ఆకుపచ్చ ముచ్చిక గిల్లేయండి, లేకపోతే పచ్చి చిక్కుడుకాయ వాసన వస్తుంది. అర లీటరు నీళ్లు మరిగించి, స్టవ్ ఆపి, పువ్వులు వేసి మూత పెట్టండి. పదిహేను నిమిషాల్లో రేకులు వెలిసిపోయి, నీళ్లు సిరాలా అవుతాయి. వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టేయడమే. రుచి పెద్దగా ఉండదు, ఈ పువ్వు పని రంగు ఇవ్వడమే.

ఇందులో పంచదార వేయొద్దు. ఈ పాఠంలో ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే ఇదే పెట్టుకోండి. గ్లాసులో రంగులు విడివిడిగా నిలబడేది బరువు వల్ల. పంచదార కరిగిన పాకం నీళ్ల కన్నా బాగా బరువు, అడుగునే కూర్చుంటుంది. తీపి లేని డికాషన్ తేలిక, పైనే ఉండిపోతుంది. దానిలోనూ పంచదార కలిపితే అది కూడా అడుగుకి దిగి, పోస్తుండగానే అంతా కలిసిపోతుంది.

రంగు మారడం పులుపు పని. పువ్వులో ఉన్న రంగు పదార్థాలు ఆంథోసయనిన్ల కుటుంబానివి. నేరేడు పళ్లకి, నల్ల ద్రాక్షకి ఆ రంగు వచ్చేది కూడా ఆ కుటుంబం వల్లే. మామూలు నీళ్లలో శంఖుపుష్పం రంగు నీలంగా ఉంటుంది, నిమ్మరసం తగలగానే ఊదాగా మారుతుంది. పులుపు ఇంకా పెంచితే గులాబీ వైపు వెళుతుంది. సోడాలోనూ కొంత పులుపు ఉంది గానీ నిమ్మరసం ముందు అది లెక్కలోది కాదు.

ముందు రోజు పనులు ఇక్కడితో అయిపోయాయి. పాకం, డికాషన్, సోడా సీసాలు, వీలైతే గ్లాసులు కూడా ఫ్రిజ్‌లో ఉండాలి. ఫ్రిజ్‌లో చోటు లేనివాళ్లు ప్లాస్టిక్ టబ్బులో ఐసు, నీళ్లు, రెండు గుప్పెళ్ల కల్లుప్పు వేసి సీసాలు ముంచండి. ఉత్త ఐసు కన్నా నీళ్లు కలిసిన ఐసు సీసాని అన్ని వైపులా తాకి తొందరగా చల్లబరుస్తుంది. టబ్బులోకి ఐస్ ఫ్యాక్టరీ దిమ్మ ఫరవాలేదు. గ్లాసులోకి మాత్రం ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లతో చేసిన ఐసు ముక్కలే వేయండి. చేపల పెట్టెల కోసం తయారయ్యే దిమ్మలో ఏ నీళ్లు పోశారో ఎవరూ చూడరు. ఎండాకాలం వాంతులూ విరేచనాలూ చాలాసార్లు ఇలాంటి ఐసుతోనే మొదలవుతాయి.

ఇప్పుడు కలపడం. పావు లీటరు కన్నా కాస్త ఎక్కువే పట్టే, గీతలూ పూలూ లేని గాజు గ్లాసు తీసుకోండి. స్టీలు గ్లాసులో ఇంత శ్రమా కనపడకుండా పోతుంది. అడుగున 35 మిల్లీలీటర్ల పాకం పోయండి. కొలతకి దగ్గు మందు సీసా మీది ప్లాస్టిక్ మూత శుభ్రంగా కడిగి వాడుకోవచ్చు. పెద్ద ఐసు ముక్కలు నాలుగు తీసి, ఒక్కసారి చల్లటి నీళ్లలో ముంచి వేయండి. ఫ్రీజర్ నుంచి నేరుగా వచ్చిన ముక్క మీద నూగులాంటి మంచు ఉంటుంది, బుడగలు ముందు దాన్నే పట్టుకుంటాయి. నలగ్గొట్టిన ఐసు అసలు వద్దు.

గ్లాసుని కొంచెం వంచి, గోడ వెంట జారేలా 130 మిల్లీలీటర్ల సోడా పోయండి. పైనుంచి ధారగా పోస్తే చూడటానికి బాగుంటుంది గానీ గ్యాస్ సగం అక్కడే పోతుంది. చివరగా, ఒక చెంచాని బోర్లించి పైనున్న ఐసు ముక్కకి ఆనించి, దాని వీపు మీదుగా 20 మిల్లీలీటర్ల డికాషన్ సన్నగా వదలండి. నీలం ఐసు చుట్టూ పరుచుకుంటుంది. అర నిమిషం చూడండి. అడుగున పసుపు అలాగే ఉంటుంది. నీలం నుంచి సన్నటి పోగులు కిందికి దిగి, పాకాన్ని తాకిన చోట పొగలా విచ్చుకుని ఊదా అవుతాయి. గ్లాసు ఇచ్చేటప్పుడు చెంచా కూడా ఇవ్వండి. తిప్పే పని చుట్టాలదే, పిల్లలకైతే ఆ తిప్పడమే అసలు సంబరం.

ఇరవై గ్లాసులకి 600 మిల్లీలీటర్ల సోడా సీసాలు ఐదు సరిపోతాయి, ఆరు తెచ్చుకోండి. ఒక సీసాకి నాలుగు గ్లాసులు వస్తాయి. నాలుగు గ్లాసులు వరసగా పెట్టుకుని, ఒక సీసా తెరిచి, అది అయ్యాకే ఇంకోటి తెరవాలి. రెండు లీటర్ల సీసాలు చవకే, కానీ సగం అయ్యేలోపు మిగతా సగం చప్పబడుతుంది. ఇంట్లో సోడా మెషీన్ ఉన్నవాళ్లు చల్లటి మంచినీళ్లకే గ్యాస్ పట్టించండి. పాకం కలిపిన నీళ్లకి పట్టిస్తే నురగ పొంగి మెషీన్ పాడవుతుంది.

ఇద్దరు ముగ్గురు మెయిల్‌లో అడిగారు, వంటసోడా, నిమ్మరసం కలిపితే గ్యాస్ వస్తుంది కదా, సోడా కొనడం ఎందుకని. వస్తుంది, కానీ ఒక నిమిషం పొంగి చల్లారిపోతుంది. వంటసోడా పులుపుని తినేసి ఉప్పగా, సబ్బులాంటి రుచి మిగులుస్తుంది. అందులో సోడియం ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లకి మంచిది కాదు. ఈస్ట్ వేసి పులియబెట్టి గ్యాస్ తెప్పించే పద్ధతి కూడా ఉంది. ఆ పులియడంలో కొంతైనా ఆల్కహాల్ పుడుతుంది కాబట్టి ఈ పాఠాల్లో దాని జోలికి పోను.

శంఖుపుష్పం దొరకనివాళ్లు ఎర్ర మందారం రేకులు ఇరవై తీసుకుని ఇదే పద్ధతిలో నానబెట్టండి. డికాషన్ ముదురు ఊదాగా వస్తుంది, నిమ్మ తగలగానే ఎర్రబడుతుంది. బీట్‌రూట్ ఎరుపు వేరే జాతిది, పులుపుకి ఇలా మారదు. రంగు అందంగానే ఉంటుంది గానీ ఈ పాఠానికి పనికిరాదు.

ఈ వారం పని: నాలుగు గ్లాసులు కలపండి. మొదటిది పైన చెప్పిన వరసలో. రెండోదానిలో డికాషన్ ముందు, పాకం చివర. మూడోదానిలో డికాషన్‌కి చెంచాడు పంచదార కలిపి. నాలుగోదానిలో ఫ్రిజ్‌లో పెట్టని సోడా. నాలుగింటినీ పక్కపక్కన పెట్టి, అయిదో నిమిషంలో ఒకసారి, పదో నిమిషంలో ఒకసారి ఎలా ఉన్నాయో కాగితం మీద రాసుకోండి. రెండో గ్లాసులో పాకం సోడా మధ్యనుంచి దిగేటప్పుడు ఏం జరుగుతుందో ప్రత్యేకంగా గమనించండి, వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను. దానికి అర కిలో నల్ల ద్రాక్ష, గింజలున్న రకం, తెచ్చి ఉంచుకోండి.