రాత్రి గంట దొరికితే ఏ గేమ్ కొనాలి

గేమ్ కొనేముందు అందరూ గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, రేటింగ్ ఎంత అని చూస్తారు. నేను మొదట చూసేది ఒకటే, దీన్ని కావాలనుకున్నప్పుడు ఆపొచ్చా లేదా అని. ఆఫీసు, పిల్లాడి హోంవర్కు, మర్నాటి క్యారేజీ గొడవ అన్నీ అయ్యేసరికి రాత్రి పదిన్నర, ఆ తర్వాత ఒక గంట దొరికితే గొప్ప. ఆ గంటలో ఆడినదాన్ని దాచుకోనివ్వని గేమ్ ఎంత గొప్పదైతే మాత్రం నాకేం లాభం?

ఈ జ్ఞానం నాకు గుంటూరు బ్రాడీపేటలో వచ్చింది. ఇంటర్ చదివేటప్పుడు ఒక నెట్ సెంటర్‌లో గంటకి 15 రూపాయలిచ్చి వైస్ సిటీ అనే గేమ్ ఆడేవాణ్ణి. రిమోట్ హెలికాప్టర్‌ని సగం కట్టిన బిల్డింగ్‌లోకి దూర్చి నాలుగు బాంబులు పెట్టాలి, ఆ మిషన్ ఆడినవాళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. వారం రోజులు తంటాలు పడి ఒక సాయంత్రం నాలుగో బాంబు పెట్టేశాను, వెనక నిలబడి చూస్తున్న ఇద్దరు కుర్రాళ్లు ఈలలు కూడా వేశారు. కానీ అందులో సేవ్ చేయాలంటే మళ్లీ గేమ్‌లో హీరో ఉండే హోటల్ దాకా వెళ్లి అక్కడ గిర్రున తిరిగే క్యాసెట్ బొమ్మ మీద నిలబడాలి కదా. బైకెక్కి బీచ్ రోడ్డు పట్టానో లేదో కరెంటు పోయింది. యూపీఎస్ ఉందన్న మాటే గానీ అందులో బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ఆ గంట డబ్బులు కూడా కట్టించుకున్నాడు మహానుభావుడు.

అందుకని ఇప్పుడు నా పద్ధతి ఇది. స్టీమ్‌లో, అంటే కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ షాపులో, కొన్న గేమ్‌ని 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే వెనక్కిచ్చేయొచ్చు. చాలామంది ఆ రెండు గంటలూ కథలో పడి ఆడేస్తారు. అలా కాకుండా మొదటి గంటలోనే ఒక మూడుసార్లు కావాలని మధ్యలో బయటికొచ్చేయండి, ఒకసారి నడుస్తూ, ఒకసారి ఫైటింగ్‌లో, ఒకసారి ఎవరితోనో మాట్లాడుతుండగా. మళ్లీ తెరిస్తే ఎక్కడికి తీసుకెళ్తుందో చూడండి. పావుగంట వెనక్కి నెడితే నేనైతే మొహమాటం లేకుండా రీఫండ్ పెట్టేస్తా. ఒక్కటి గుర్తుంచుకోండి, పాజ్‌లో పెట్టి అన్నానికి వెళ్లినా గేమ్ తెరిచి ఉన్నంతసేపూ టైమ్ లెక్కలో పడుతూనే ఉంటుంది.

ఈ పరీక్షలో నా దగ్గర ఫస్టు క్లాసులో పాసైంది సెలెస్ట్, 2018లో వచ్చింది. కొండెక్కే అమ్మాయి కథ, ఒక్కో స్క్రీన్ ఒక్కో చిన్న చిక్కుముడి, ఎక్కడ ఆపితే మళ్లీ ఆ స్క్రీన్ దగ్గరే మొదలు. కష్టమే, వేళ్లు నొప్పులు పుడతాయి. మరీ చేతకాకపోతే అసిస్ట్ మోడ్‌లో స్పీడు తగ్గించుకోవచ్చు, నేను తగ్గించుకున్నాను, నాకేం నామోషీ లేదు.

స్టార్‌డ్యూ వ్యాలీ పొలం చేసుకునే గేమ్, 2016ది, ఒక్కడే కూర్చుని నాలుగున్నరేళ్లు తయారుచేశాడు. అందులో మన మనిషి పడుకుంటేనే సేవ్ అవుతుంది, కానీ గేమ్‌లో ఒక రోజంతా కలిపి దాదాపు 14 నిమిషాలే, కాబట్టి పర్లేదు. ప్రమాదం ఇంకోటుంది. ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకుంటూ ముల్లంగి కోసేసరికి ఇక్కడ రెండవుతుంది. ఆ మాట మా ఆవిణ్ణి అడగండి.

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటి గేమ్ నేను ఇంకోటి చూడలేదు, కానీ మిషన్ మధ్యలో సేవ్ చేయనివ్వదు, డిస్కులో దాదాపు 150 జీబీ మింగుతుంది, మొదట మంచులో నడకే నడక. సంక్రాంతి సెలవులకి దాచుకోండి. ఎల్డెన్ రింగ్‌లో మామూలు పాజ్ అనేదే లేదు. కాలింగ్ బెల్ మోగిందా, మీ పని అయిపోయినట్టే.

నలుగురున్న ఇంట్లో ఆడటానికి మాత్రం యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అంటాను. లోడు ఎత్తుకుని దేశాలు దాటి దించి రావడమే, ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు. మా బాబాయ్ ఆటోనగర్ నుంచి ఇరవై ఏళ్లు లారీ తోలాడు. ఒకరోజు వెనక నుంచి చూసి, "అద్దం చూడకుండా రివర్స్ తీస్తావేంట్రా, లే" అని నన్ను లేపేసి కూర్చున్నాడు. కీబోర్డు ఎప్పుడూ ముట్టని మనిషి, ట్రెయిలర్‌ని అడ్డదిడ్డంగా తిప్పి, స్తంభానికి గుద్ది, చివరికి నలభై నిమిషాలకి గీతల మధ్యలో పెట్టాడు. ఆ పార్కింగ్‌ని వదిలేసి వెళ్లిపోయే ఆప్షన్ ఉందని నేను చెప్పలేదు.

ఇక బెజవాడ ఎండల సంగతి. లాప్‌టాప్ బాగా వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తనే స్పీడు తగ్గించుకుంటుంది, అప్పుడు గేమ్ ఆగి ఆగి నడుస్తుంది, మనం గేమ్‌ని తిట్టుకుంటాం. వెనకవైపు కింద రెండు వాటర్ బాటిల్ మూతలు పెట్టి ఎత్తండి, గాలి ఆడుతుంది. సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేట్‌ని, అంటే సెకనుకి తెర మీద మారే బొమ్మల లెక్కని, 30కో 40కో కట్టేయండి, నిదానంగా సాగే గేముల్లో పెద్ద తేడా తెలీదు. పరుపు మీద పెట్టి మాత్రం ఆడకండి, అడుగు నుంచి గాలి పీల్చుకునే చిల్లులు మూసుకుపోతాయి. రోహిణి కార్తెలో అయితే మూతలు కూడా ఆదుకోవు, పగలు దాన్ని తెరవకపోవడమే మేలు.