ఇంటి లేత్ మీద టంగ్‌స్టన్ బోరింగ్ బార్ చేసుకోవడం ఎలా?

బోరింగ్ బార్ అంటే రంధ్రం లోపలి గోడను కోసే టూల్ బిట్‌ను పట్టుకునే కడ్డీ. ఉక్కుతో చేసినది తన మందానికి 4 రెట్లు మించి హోల్డర్ నుంచి బయటికి వచ్చిందంటే రంధ్రంలో కీచుమంటుంది, గోడ మీద అలలు పడతాయి. అదే మందంలో టంగ్‌స్టన్ హెవీ అల్లాయ్ బార్ సుమారు 6 రెట్ల దాకా తట్టుకుంటుంది. బరువు ఉక్కుకు రెండింతలు, వంగడమూ తక్కువ.

అయితే టంగ్‌స్టన్ పేరుతో అమ్మేవన్నీ ఒకటి కావు. శుద్ధ టంగ్‌స్టన్ (సాంద్రత ఘన సెం.మీ.కు 19.3 గ్రాములు) చల్లగా ఉన్నప్పుడు గాజులా పగులుతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ (కార్బన్‌తో కలిసిన అతి గట్టి పదార్థం) అరగదీయడానికి డైమండ్ వీల్ లాంటిది కావాలి. మనకు కావలసింది 90 శాతానికి పైగా టంగ్‌స్టన్, మిగతాది నికెల్‌తో ఇనుమో రాగో కలిసిన మిశ్రమం. సాంద్రత 17 నుంచి 18.5. వరంగల్‌ తుక్కు దుకాణాల్లో టంగ్‌స్టన్ అంటే చేతిలో పెట్టేవి సాధారణంగా కార్బైడ్ ముక్కలే. కడ్డీ కోసం సికింద్రాబాద్ రాణిగంజ్, బాలానగర్ వైపు అడగండి, లేదా టెస్ట్ సర్టిఫికెట్‌తో ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. ఊరూపేరూ లేని బరువైన డబ్బాలు, మూడు రెక్కల రేడియేషన్ గుర్తున్న తుక్కు మాత్రం ముట్టుకోవద్దు. 2010లో ఢిల్లీ మాయాపురిలో రేడియోధార్మిక కోబాల్ట్-60 ఉన్న పాత పరికరాన్ని తుక్కు కింద విప్పితే ఒక ప్రాణం పోయింది.

కడ్డీ చేతికి రాగానే తూకం వేయండి. తర్వాత దారంతో కట్టి నీళ్లలో మునిగేలా వేలాడదీసి మళ్లీ తూచండి. మొదటి తూకాన్ని తేడాతో భాగిస్తే సాంద్రత. 340 గ్రాములది నీళ్లలో 320 తూగితే 17, సరైన సరుకే. 296 దగ్గర ఆగితే మీకు అంటగట్టింది ఉక్కు.

ఇక లేత్ పని. 18 మి.మీ. మందం, 150 మి.మీ. పొడవు కడ్డీ తీసుకోండి, సుమారు 650 గ్రాములుంటుంది. ఒక కొస చక్‌లో బిగించి, రెండో కొసకు రివాల్వింగ్ సెంటర్ ఇవ్వండి. ఈ లోహం పోత ఇనుములా తెగుతుంది కాబట్టి కె10 లేదా కె20 రకం కార్బైడ్ ఇన్సర్ట్ వాడాలి. 900 ఆర్‌పీఎం, చుట్టుకు 0.15 మి.మీ. ఫీడ్, 0.5 మి.మీ. లోతుతో 16 మి.మీ.కు దించండి. భయపడి మరీ పలచగా గీస్తే టూల్ కోయదు, రుద్దుకుని మొన అరుగుతుంది. కట్ ముగిసేచోట అంచు పెళ్లలుగా లేస్తుంది, అందుకే అక్కడ ముందే అంచును ఏటవాలుగా 1 మి.మీ. చాంఫర్ కొట్టాలి.

టూల్ బిట్ కోసం 6 మి.మీ. అడ్డ రంధ్రం వేసేటప్పుడు కింద ఉక్కు ముక్క ఆనించండి, లేకపోతే అవతలి అంచు ఊడుతుంది. డ్రిల్‌ను మాటిమాటికి బయటికి తీసి రజను దులపాలి.

అసలు తంటా ట్యాపింగ్‌తోనే, అంటే రంధ్రంలో మర కోయడంతోనే. టూల్ బిట్‌ను బిగించే ఎం4 గ్రబ్ స్క్రూకు (4 మి.మీ. తలలేని స్క్రూ) మామూలుగా వేసే 3.3 మి.మీ. రంధ్రం ఇక్కడ పనికిరాదు, ట్యాప్ లోపలే విరుగుతుంది. 3.5 వేయండి. మర లోతు తగ్గినా స్క్రూను బాగానే పడుతుంది. కొత్త ట్యాప్, ధారాళంగా ట్యాపింగ్ ఆయిల్, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి.

రజనులో నికెల్ ఉంటుంది. ఎన్95 మాస్క్ పెట్టుకోండి, గాలితో ఊదకుండా తడిగుడ్డతో ఎత్తి విడిగా డబ్బాలో దాచండి.