అన్నం తిన్నాక షుగర్ ఎగబాకుతోందా? ఎసరు దగ్గర నుంచి వెతుకుదాం

షుగర్ రిపోర్టు చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని బియ్యం మార్చడం. తెల్లబియ్యం మానేసి ముడి బియ్యం తెస్తారు. నాలుగు రోజులు నమలలేక నమిలి మళ్లీ పాత దారే పడతారు. నేనైతే బియ్యం జోలికి చివర్లో వెళ్లమంటాను. ఎంత తిన్నాం, ఎన్ని నీళ్లు పోశాం, ఎంతసేపు ఉడికించాం, వండింది ఎక్కడ పెట్టాం అన్నవి ముందు చూసుకోవాలి. బంగాళాదుంపకైనా పాస్తాకైనా ఇదే వరస.

సమస్య: తిన్న గంటకో రెండు గంటలకో షుగర్ బాగా పెరుగుతోంది

పిండిపదార్థంలో ప్రధానంగా రెండు రకాల అణువులుంటాయి. అమైలోజ్ పొడుగాటి దారంలా ఉంటుంది, అమైలోపెక్టిన్ గుబురుగా కొమ్మలేసిన చెట్టులా ఉంటుంది. కొమ్మ కొసలు ఎన్ని ఉంటే జీర్ణరసాలకు అన్ని చోట్ల పట్టు దొరుకుతుంది, గ్లూకోజ్ అంత త్వరగా రక్తంలోకి దిగుతుంది. ఉడికాక మెతుకులు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయంటే అందులో అమైలోపెక్టిన్ ఎక్కువని అర్థం. పొడిపొడిగా విడిపోతే అమైలోజ్ కాస్త ఎక్కువ. టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో గ్లైసీమిక్ ఇండెక్స్‌ను, అంటే ఏ తిండి రక్తంలో షుగర్‌ను ఎంతగా పెంచుతుందో చెప్పే కొలమానాన్ని ప్రతిపాదించింది. ఆ పట్టికల్లో వెతికితే అన్నానికి ఒక్క అంకె దొరకదు. రకాన్ని, వండిన తీరును బట్టి 50ల నుంచి 90ల దాకా కనిపిస్తుంది. అందుకే "అన్నం మంచిదా చెడ్డదా" అనే ప్రశ్నకు జవాబు లేదు.

ముందు కొలత చూడండి. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఒక్కసారి మీ కంచంలో మామూలుగా పడే అన్నాన్ని వంటింటి కాటాలో తూచి చూడండి. 150 గ్రాములనుకున్నది 350 తూగితే ఇక వేరే కారణం వెతకక్కర్లేదు. నా అనుభవంలో సగం సమస్యలు కాటా దగ్గరే తేలిపోతాయి.

కొలత సరిగ్గానే ఉంటే ఉడుకు చూడండి. చిమిడిపోయిన అన్నం, మెత్తగా మెదిపిన బంగాళాదుంప, జావ, ఇవన్నీ సగం అరిగిన తిండితో సమానం. గింజ రూపం ఎంత చెడితే అంత వేగంగా అరుగుతుంది. పిండి చేసిన ధాన్యానికీ ఇదే వర్తిస్తుంది. మెతుకు లోపల పలుకు లేకుండా, పైన చెదరకుండా ఉండగానే పొయ్యి ఆపేయండి. పాస్తా అయితే పంటికి కాస్త తగిలేలా ఉన్నప్పుడే దించేయండి.

తర్వాతిది తినే వరస. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని పిండిపదార్థం చివర్లో తింటే షుగర్ తక్కువగా పెరిగిందని 2015లో అమెరికాలోని వైల్ కార్నెల్ వైద్య కళాశాల పరిశోధకులు టైప్-2 మధుమేహం ఉన్న కొద్దిమందిలో చూశారు. చిన్న పరిశోధనే, కానీ ఖర్చు లేని ఉపాయం. తిన్నాక పది నిమిషాలు నడవడం కూడా అలాంటిదే.

ఒక జాగ్రత్త: ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా దించే మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా అన్నాన్ని ఒక్కసారిగా తగ్గించకూడదు. మందు మోతాదు పాత అన్నానికి సరిపడా ఉంటుంది, షుగర్ పడిపోతుంది.

సమస్య: ఫ్రిజ్‌లో పెట్టి వేడి చేసుకుని తిన్నా అంకె పెద్దగా మారలేదు

వండిన అన్నాన్ని చల్లార్చి తింటే షుగర్ తక్కువగా పెరుగుతుందనే ఈ చిట్కా అబద్ధం కాదు, అతిశయోక్తి. ఉడికినప్పుడు విచ్చుకున్న పిండి చల్లారే కొద్దీ మళ్లీ గట్టిగా అల్లుకుంటుంది. చల్లటి అన్నం బిరుసెక్కడానికి కారణం అదే. అలా అల్లుకున్న దాంట్లో కొంత భాగం చిన్నపేగులో అరగదు. దీన్నే రెసిస్టెంట్ స్టార్చ్ అంటారు. మళ్లీ వేడి చేసినా చాలావరకు నిలుస్తుంది.

ఎంత పెరుగుతుందన్నదే అసలు సంగతి. 2015లో అచ్చయిన ఒక పరిశోధనలో అప్పుడే వండిన అన్నంలో 100 గ్రాములకు 0.64 గ్రాములున్న రెసిస్టెంట్ స్టార్చ్, 4 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటలుంచి వేడి చేశాక 1.65 గ్రాములైంది. రెండున్నర రెట్లంటే గొప్పగా వినిపిస్తుంది, నిజానికి పెరిగింది ఒక్క గ్రాము. ఆరోగ్యంగా ఉన్న 15 మందిలో షుగర్ స్పందన మాత్రం సుమారు 18 శాతం తగ్గింది. అది మంచి ఫలితమే. కానీ మీ ఒంట్లో అంతే తగ్గుతుందన్న హామీ లేదు. "ఫ్రిజ్‌లో పెట్టిందే కదా" అని ఇంకో గరిటె వేసుకుంటే ఆ లాభం కాస్తా పోతుంది.

కాబట్టి చల్లార్చడం కొలతకు తోడు మాత్రమే. చేయదలిస్తే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, చెంచాడు నీళ్లు చిలకరించి ఆవిరి మీద వేడి చేయండి, బిరుసు పోతుంది. ఉడికించిన బంగాళాదుంపకూ ఇది పనిచేస్తుంది. మొదట్లో కడుపు ఉబ్బితే కంగారుపడకండి. అరగని పిండిని పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెడుతున్నాయి. కొద్దికొద్దిగా అలవాటు చేసుకోండి.

సమస్య: మిగిలిన అన్నం తిన్న కొన్ని గంటలకే వాంతులు

పై చిట్కా పాటించేవాళ్లు ఇది తప్పక చదవాలి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలుండొచ్చు. ఉడికించినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి బయట ఉంటే మొలకెత్తి, పెరిగి, విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం వేడికి లొంగదు. మళ్లీ పొగలు వచ్చేదాకా వేడి చేసినా బ్యాక్టీరియా చస్తుందేమో గానీ విషం అలాగే ఉంటుంది. వాసన బాగానే ఉందిగా అనడం కూడా కుదరదు, దానికి ప్రత్యేకమైన వాసన రాదు.

కుక్కర్ నిండా ఉన్న అన్నం దానంతట అది చల్లారాలంటే చాలాసేపు పడుతుంది, మధ్యభాగం వేడిగానే ఉండిపోతుంది. వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, గంటలోపు మూత పెట్టి ఫ్రిజ్‌లోకి చేర్చండి. ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు ఉండాలి. ఒక రోజులో తినేయండి. వేడి చేయడం ఒక్కసారే. రాత్రంతా గట్టు మీద ఉండిపోయిన అన్నాన్ని పారబోయండి. నాకూ ప్రాణం ఉసూరుమంటుంది, అయినా పారబోస్తాను.

సమస్య: ముడి బియ్యం ఉడకదు, ఉడికినా సహించదు

పైన తవుడు పొర ఉంది కాబట్టి నీళ్లు లోపలికి ఆలస్యంగా వెళ్తాయి. రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఎసరు కాస్త ఎక్కువ పెట్టి సన్నని సెగ మీద ఉడికించండి. అప్పటికీ సహించకపోతే ఉప్పుడు బియ్యం మధ్యేమార్గం. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టేటప్పుడు తవుడులోని బి విటమిన్లు కొంత గింజలోకి దిగుతాయి. ఈ తవుడు విలువ 1890లలో జావాలో డచ్ వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్‌కు కోళ్ల వల్ల తెలిసింది. పాలిష్ బియ్యం తిన్న కోళ్లు నరాలు చచ్చుబడి పడిపోయాయి, పాలిష్ చేయనివి పెడితే తేరుకున్నాయి. 1929లో ఆయనకు నోబెల్ వచ్చింది.

సమస్య: బియ్యంలో ఆర్సెనిక్ ఉందని విని భయం

ఆర్సెనిక్ అనే విషపదార్థం బియ్యంలో ఉన్నమాట నిజం. నీళ్లు నిలిచిన మడిలో వరి దాన్ని నేల నుంచి ఎక్కువగా పీల్చుకుంటుంది. అది తవుడులో ఎక్కువగా చేరుతుంది కాబట్టి ఈ ఒక్క విషయంలో ముడి బియ్యం వెనకబడుతుంది. కడగడం వల్ల తగ్గేది కొంచెమే. షెఫీల్డ్ విశ్వవిద్యాలయం 2020లో చూపిన పద్ధతి నాకు నచ్చింది: కప్పు బియ్యానికి నాలుగు కప్పుల మరుగుతున్న నీళ్లలో 5 నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లు వార్చేయాలి. రెండు కప్పుల మంచినీళ్లు పోసి మూతపెట్టి సన్నని సెగ మీద ఇగిరేదాకా ఉడికించాలి. తెల్లబియ్యంలో 73 శాతం, ముడి బియ్యంలో 54 శాతం ఆర్సెనిక్ పోయిందని వారు లెక్కగట్టారు. మొదటి నుంచి చివరిదాకా ఎక్కువ నీళ్లలో ఉడికించి గంజి వార్చినా తగ్గుతుంది గానీ, విటమిన్లు గంజితో పాటు ఎక్కువగా పోతాయి. మీ నీళ్లలోనే ఆర్సెనిక్ ఉంటే ఏ పద్ధతీ పనిచేయదు, ముందు నీళ్ల పరీక్ష చేయించాలి.

సమస్య: బంగాళాదుంప వేపుడు నల్లబడుతోంది, లేదా దుంప చేదుగా ఉంది

120 డిగ్రీలు దాటిన వేడిలో దుంపలోని చక్కెర, ఆస్పరాజీన్ అనే అమైనో ఆమ్లం కలిసి ఆక్రిలమైడ్ అనే హానికర రసాయనం తయారవుతుంది. రంగు ముదిరే కొద్దీ అదీ పెరుగుతుంది. ముక్కల్ని అరగంట నీళ్లలో ఉంచి, తుడిచి, బంగారు రంగు రాగానే తీసేయండి. చేదు వేరే సంగతి. వెలుతురు తగిలి పచ్చబడిన దుంపలో సోలనిన్ అనే విషం ఉంటుంది, ఉడికించినా పోదు. బాగా పచ్చబడినవి, చేదుగా ఉన్నవి పారేయడమే.

సమస్య: రాజ్మా తిన్నాక కడుపు పాడవుతోంది

గ్యాసే అయితే నానబెట్టిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో ఉడికించండి. కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు మొదలైతే గింజ సరిగ్గా ఉడకలేదన్నమాట, పచ్చి రాజ్మాలోని లెక్టిన్ అనే విషపు ప్రోటీన్ పని అది. కనీసం 5 గంటలు నానబెట్టి, నీళ్లు మార్చి, అరగంట తెర్లేలా మరిగించాలి. నానబెట్టిన గింజల్ని నేరుగా స్లో కుక్కర్‌లో వేయకండి, అందులో లెక్టిన్ విరిగేంత వేడి రాకపోవచ్చు.