కొత్త పీహెచ్‌డీ స్కాలర్‌కు గైడ్ ఏం చేసిపెట్టాలి

స్కాలర్ చేరిన మొదటి వారంలోనే కూర్చుని తేదీలు రాసుకోండి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం కోర్స్‌వర్క్‌తో కలిపి పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. జేఆర్‌ఎఫ్ (నెట్ పరీక్ష ద్వారా వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) డబ్బు మాత్రం 5 ఏళ్లకే ఆగిపోతుంది. అందుకని ఐదో ఏడు చివరి నెల నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి.

2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు రూ.37,000. రెండేళ్లయ్యాక కమిటీ పని చూసి సరేనంటే అదే ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అవుతుంది, నెలకు రూ.42,000. ఆ కమిటీలో విభాగం హెడ్, గైడ్, బయటి నిపుణుడు ఉంటారు. ఆలస్యమంతా ఈ మూడో మనిషి దగ్గరే: ఆయనకు తీరిక దొరకదు, ఈలోగా ఆమోదం ఫైలు సెక్షన్లు తిరుగుతూ ఉంటుంది. 21వ నెలలోనే ఆయనకు ఉత్తరం పెట్టండి. విశ్వవిద్యాలయం నెలనెలా ఫెలోషిప్ పోర్టల్‌లో ధ్రువీకరించకపోయినా డబ్బు పడదు. ఆ పని చూసే ఉద్యోగిని స్కాలర్‌కు ముందే పరిచయం చేయండి. ఈ డబ్బులోంచే ఇంటికి పంపే పిల్లలు చాలామంది ఉంటారు.

వారానికొకసారి, ఒకే రోజు, 45 నిమిషాలు కలవండి. ఏం చేశారు, ఎక్కడ ఆగారు, మీ నుంచి ఏం కావాలి అన్నది స్కాలర్ ముందురోజే ఒక పేజీలో పంపాలి. ప్రతి సెమిస్టర్ పరిశోధన సలహా కమిటీకి ఇచ్చే నివేదిక ఆ పేజీల్లోంచే తయారవుతుంది.

డ్రాఫ్ట్ మొత్తం మీరే తిరగరాసి ఇస్తే స్కాలర్‌కు రాయడం రాదు. ఒక్క పేరా దిద్ది, ప్రతి మార్పుకూ కారణం మార్జిన్‌లో రాసి, మిగతాది తననే దిద్దమనండి. తెలుగు మీడియం నుంచి వచ్చినవారైతే ముందు 'ఏం తేలింది?' అని తెలుగులో చెప్పించుకోండి. ఇంగ్లిష్ తప్పులనిపించేవాటిలో చాలా వరకు వాదన తేలకపోవడం వల్ల వచ్చినవే.

థీసిస్‌కు ముందు పేపర్ తప్పనిసరన్న షరతును 2022లోనే తీసేశారు, నమ్మదగిన జర్నళ్ల కేర్ జాబితానూ 2025లో యూజీసీ ఆపేసింది. జర్నల్ మంచిచెడ్డలు ఇక మీరే చూడాలి. ఫీజు కడితే వారంలో వేస్తామనేదాన్ని వదిలేయండి. స్కోపస్‌లో (జర్నళ్ల, పేపర్ల డేటాబేస్) ఉందో లేదో జర్నల్ సైట్‌లో కాక స్కోపస్‌లోనే వెతకండి. పేపర్ మీద రచయితల పేర్ల వరుస పని మొదలయ్యే ముందే రాసుకోండి. పని ఎవరిదైతే మొదటి పేరు వారిదే.

నాలుగో ఏడు మొదలవగానే పోస్ట్‌డాక్, ఉద్యోగ ప్రకటనలు కలిసి చూడండి. సిఫారసు లేఖ అడిగితే సీవీతో పాటు ఆ ప్రకటన కూడా తెప్పించుకోండి. 'కష్టపడే మనిషి' అని రాస్తే ఎంపిక కమిటీకి ఏమీ తెలియదు. ఏ డేటా తనంతట తాను సేకరించారో, ఏ పరికరాన్ని పనిలోకి తెచ్చారో, మీ ఏ అభిప్రాయం తప్పని చూపించారో రాయండి.