మతిమరుపు ముదిరిన పెద్దవాళ్లను హోమ్‌లో చేర్చాలా? సెలవులకు పిల్లలు దిగేలోపే చూసుకోవాల్సినవి

డిసెంబరు వచ్చిందంటే చాలా ఇళ్లలో ఇదే కథ. అమెరికా నుంచి కొడుకో కూతురో మూడు వారాల సెలవు మీద వస్తారు. మొదటి వారం ‘నాన్న బాగానే ఉన్నారు కదా, అమ్మే కంగారు పడుతోంది’ అనుకుంటారు. డిమెన్షియా (ముదిరిన మతిమరుపు జబ్బు) ఉన్నవాళ్లు చాలాకాలానికి వచ్చిన మనిషి ముందు కాసేపు సర్దుకుని మాట్లాడగలరు మరి. రెండో వారం రాత్రిళ్లు చూసి హడలిపోతారు. మూడో వారం, తిరుగు టికెట్టు నాలుగు రోజుల్లో ఉందనగా, ఎవరో నంబరిచ్చిన హోమ్‌కు అడ్వాన్సు కట్టేస్తారు.

మా ఇంట్లో సరిగ్గా ఇలాగే అయింది. డాలస్ నుంచి వచ్చిన అన్నయ్య, హైదరాబాద్‌లో ఉండే నేను కలిసి నాన్నను ఒకచోట చేర్చి, 11 రోజులకే వెనక్కి తెచ్చుకున్నాం. మళ్లీ ఏడాదికి ఇంకోచోట చేర్చాం. అక్కడ కుదురుకున్నారు. ఈ రెండింటి మధ్య మాకు తెలిసొచ్చినవే ఇవి.

ముందు డాక్టరు దగ్గరికి

అల్జీమర్స్ లాంటి జబ్బు నెలల లెక్కన దిగజారుతుంది. మూడు నాలుగు రోజుల్లో మనిషి ఒక్కసారిగా మారిపోయి, ఎవరినీ గుర్తుపట్టక, లేనివి కనిపిస్తున్నాయని కేకలేస్తుంటే కారణం వేరే ఉండొచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, రోజుల తరబడి విరేచనం కాకపోవడం, కొత్తగా వేసిన నిద్రమాత్ర, ఆఖరికి జలుబు మాత్ర కూడా ఇంత పని చేస్తాయి. కిందపడి తలకు దెబ్బ తగిలితే కొన్ని వారాల తర్వాత కూడా మెదడు పైపొరల్లో రక్తం పేరుకుని మతి తప్పవచ్చు. అది స్కాన్‌లో తెలుస్తుంది. బి12, థైరాయిడ్ పరీక్షలు కూడా ఎప్పుడు చేయించారో చూసుకోండి.

మేం నాన్నను మొదటిసారి పంపింది ఇలాంటి వారంలోనే. వెనక్కి తెచ్చాక రక్తపరీక్ష చేయిస్తే సోడియం బాగా తక్కువుంది. బీపీకి వాడుతున్న నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) వల్లట. మాత్ర మార్చాక తన మామూలు మతిమరుపులోకి వచ్చేశారు. ఆ మామూలుతోనే ఇంకో ఏడాది ఇంట్లో నెట్టుకొచ్చాం. వంద రూపాయల పరీక్షలతో తేలే సంగతికి లక్ష రూపాయల అడ్వాన్సు కట్టామని అన్నయ్య ఇప్పటికీ అంటుంటాడు.

ఏది చూసి తేల్చుకోవాలి

పేర్లు మరిచిపోవడం, అడిగిందే పదిసార్లు అడగడం, భోంచేసి కూడా అన్నం పెట్టలేదనడం విసుగు తెప్పిస్తాయి. వీటి కోసమే మనిషిని ఇల్లు కదపనక్కర్లేదు.

నాన్న విజయవాడలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు. సాయంత్రం ఐదు దాటితే ఆయనకు డ్యూటీ గుర్తొచ్చేది. ‘కాల్ బాయ్ వచ్చాడా? నా లైన్ బాక్స్ ఏది?’ (డ్యూటీకి పిలవడానికి వచ్చే మనిషి, గార్డు బండిలోకి తీసుకెళ్లే పెట్టె) అంటూ చొక్కా వేసుకుని గుమ్మం దాకా వెళ్లేవారు. పొద్దు గుంకే వేళకు అలజడి పెరగడం ఈ జబ్బులో మామూలే. అమ్మ ‘బండి రెండు గంటలు లేటుటండీ, కాఫీ తాగి వెళ్దురుగాని’ అనేది. ఆయన నమ్మి కూర్చునేవారు. అబద్ధమే. నా మట్టుకు నాకు అందులో తప్పేం కనిపించలేదు. ఆ ఒక్క మాట పనిచేసినన్నాళ్లు ఇంట్లో గడిచింది. అది పనిచేయని రోజున, తలుపుకు అడ్డం నిలబడిన అమ్మను తోసేశారు. ఆవిడ మోచేయి గోడకు కొట్టుకుని వాచిపోయింది. మాకు మాత్రం ‘బాత్‌రూమ్‌లో జారాను’ అని చెప్పింది.

అందుకే చెప్తున్నాను, జబ్బు మనిషినే కాదు, చూసుకుంటున్న మనిషిని కూడా చూడండి. చూసుకునేవాళ్లు ఏకబిగిన నాలుగు గంటలు నిద్రపోయి ఎన్నాళ్లైంది? వాళ్ల బీపీ మాత్రలు వాళ్లు వేసుకుంటున్నారా? వాళ్ల ఒంటి మీద దెబ్బలున్నాయా? ఎప్పుడైనా విసుగొచ్చి చేయి చేసుకున్నారా? ఈ ఆఖరి ప్రశ్న అడగడం కష్టం. మెల్లగా అడగండి, తిట్టకుండా వినండి. అక్కడిదాకా వచ్చిందంటే ఇక ఆలస్యం చేయకూడదు, ఇద్దరి కోసమూ.

మిగతా గుర్తులు కంటికి కనిపించేవే. రాత్రిపూట తలుపు తీసుకుని వెళ్లిపోవడం, గ్యాస్ తిప్పి వదిలేయడం, లేపడానికి ఇద్దరు మనుషులు కావాల్సి రావడం, నెలలో రెండు మూడుసార్లు పడిపోవడం, మింగేటప్పుడు పొలమారడం. పొలమారడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది, ఈ జబ్బులో చాలామంది చివరికి పోయేది దాంతోనే.

ఇవన్నీ నోటిమాటగా చెప్తే దూరాన ఉన్నవాళ్లకు ఎక్కదు. రెండు వారాలు రాసి పెట్టండి. అమ్మ పాల లెక్క వేసే క్యాలెండరు మీదే రాసింది. నాన్న రాత్రి లేచిన ప్రతిసారికీ ఒక చుక్క, పక్క తడిపితే సున్నా, బయటికి వెళ్లబోతే అడ్డగీత. 14 రోజుల్లో 9 రోజులకు ఐదేసి చుక్కలు దాటాయి. అన్నయ్యకు ఆ పేజీ ఫొటో తీసి పంపాను. అప్పటిదాకా వీడియో కాల్‌లో ‘ఇంకో ఆరు నెలలు చూద్దాం’ అన్నవాడు ఆ రాత్రి తనే ఫోన్ చేశాడు.

ఇంట్లోనే ఇంకొన్నాళ్లు గడుపుదామంటే

గడపొచ్చు. వీధి తలుపుకు కంటికి ఆనని ఎత్తులో ఇంకో గడియ, పడుకునే ముందు సిలిండర్ రెగ్యులేటర్ కట్టేయడం, బాత్‌రూమ్ లోపలి గడియ తీసేయడం, జేబులో ఫోన్ నంబరున్న కార్డు, మీ ఫోన్‌లో ఈ నెలలో తీసిన ఫొటో. మనిషి కనిపించకపోతే వీధులన్నీ వెతికాక చెబుదాం అనుకోవద్దు, వెంటనే 112కు చేయండి.

అటెండెంట్‌ను పెట్టుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. దసరాకో సంక్రాంతికో ఊరెళ్లిన అటెండెంట్ చెప్పిన రోజుకు తిరిగొస్తే మీ అదృష్టం. పండక్కి నెల ముందే ఇంకో మనిషిని మాట్లాడి ఉంచుకోండి. కొన్ని హోమ్‌లు రెండు మూడు వారాలకు కూడా చేర్చుకుంటాయి. చూసుకునేవాళ్లకు ఆపరేషనో ఇంకోటో ఉంటే అది మంచి దారి, పైగా ఆ చోటు ఎలాంటిదో తెలిసొస్తుంది.

నలుగురి నోళ్లు

దూరంగా ఉన్నవాళ్లు సలహా ఇస్తారు, దగ్గరున్నవాళ్లు డైపరు మారుస్తారు. కాబట్టి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు మాట్లాడుకునేటప్పుడు రోజూ చూసుకుంటున్న మనిషి మాటకే బరువెక్కువ ఉండాలి. అది కోడలైతే మరీను. చాలా ఇళ్లలో ఆ అమ్మాయిని అడగనే అడగరు.

ఇక బంధువులు. ‘కన్నతండ్రిని ఆశ్రమంలో పడేస్తారా’ అని మా మేనత్త ఏలూరు నుంచి ఫోన్‌లో ఏడ్చింది. అమ్మ ఏమీ అనలేదు, ‘ఒక్క రాత్రి వచ్చి ఉండు వదినా’ అంది, అంతే. అత్తయ్య శనివారం వచ్చింది. ఆ రాత్రి నాన్న ఆవిడను ఎవరో పరాయి మనిషి ఇంట్లో దూరిందనుకుని మూడుసార్లు లేచి బయటికి పొమ్మన్నారు. తెల్లారి అత్తయ్య లేచి అందరికీ కాఫీ కలిపింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన ఒక జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. మాట్లాడే బంధువుల ఇళ్లకూ ఇది రాకపోదు.

హోమ్‌లో చేర్చడం నేరమని భయపెట్టేవాళ్లు కూడా ఉంటారు. 2007 నాటి తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ చట్టంలో 24వ సెక్షన్ శిక్ష చెప్పేది పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో పెద్దవాళ్లను ఎక్కడో వదిలేసినవాళ్లకు: 3 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఫీజు కట్టి, వెళ్లి చూసుకుంటూ ఉండటం దీని కిందికి రాదు.

డబ్బూ కాగితాలూ

ఇది జబ్బు తొలి రోజుల్లోనే చేసి ఉండాల్సిన పని. పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్నాం కదా అని ధీమాగా ఉండకండి. మన కాంట్రాక్టు చట్టం ప్రకారం రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే ఆ పవర్ కూడా పోతుంది. సంతకం అర్థమై పెట్టగలిగిన రోజుల్లోనే ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడిపేలా జాయింట్‌గా మార్చి, నామినీలు సరిచూసి, వీలునామా రాయించుకోవాలి. అది దాటిపోయాక గార్డియన్‌గా నియమించమని హైకోర్టుకు వెళ్లాల్సి రావచ్చు. నాన్నలాగా కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లైతే నవంబరు లైఫ్ సర్టిఫికెట్ మర్చిపోవద్దు. ఫోన్‌లో ముఖం చూపించి కూడా ఇవ్వొచ్చు, 80 దాటినవాళ్లు అక్టోబరు నుంచే ఇవ్వొచ్చు.

70 దాటినవాళ్లకు ఆయుష్మాన్ కార్డు కింద వచ్చే 5 లక్షలు ఆసుపత్రి వైద్యానికే. హోమ్ ఫీజు అందులో రాదు, మామూలు మెడికల్ ఇన్సూరెన్సులోనూ రాదు. నెల నెలా చేతి డబ్బే. ఎన్నేళ్లో తెలియని ఖర్చు కాబట్టి అన్నయ్య, నేను ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకున్నాం. ఎబ్బెట్టుగా అనిపించింది గానీ తర్వాత గొడవలు రాలేదు.

చోటు చూడటానికి వెళ్లినప్పుడు

పగలు 11 గంటలకు అన్ని హోమ్‌లూ బాగుంటాయి. చెప్పకుండా సాయంత్రం ఆరు, ఏడు మధ్య వెళ్లండి. అప్పుడు అలజడి పడే మనిషితో అక్కడివాళ్లు ఎలా మాట్లాడుతున్నారో చూడండి. ఎవరినైనా మంచానికో కుర్చీకో కట్టేసి ఉంటే ఇంకేమీ అడగకుండా తిరిగొచ్చేయండి. అందరూ మరీ నిశ్శబ్దంగా మత్తుగా పడి ఉన్నా అనుమానించాల్సిందే. సైకియాట్రీ మత్తు మందులు కొన్ని డిమెన్షియా ఉన్నవాళ్లలో పక్షవాతం, మరణం ముప్పును పెంచుతాయి. తప్పనిసరైతే డాక్టరు రాసి, కొద్దికాలమే ఇవ్వాలి. ‘మాకు చెప్పకుండా కొత్త మందు మొదలెట్టకూడదు’ అని ఒప్పంద పత్రంలో రాయించండి.

రాత్రికి ఎంతమంది అటెండెంట్లు, ఎంతమందికి? జ్వరమొస్తే ఏ ఆసుపత్రికి? డైపర్లు, ఫిజియోథెరపీ, అంబులెన్సు ఫీజులో కలిసే ఉన్నాయా? ఏ పరిస్థితిలో ‘తీసుకెళ్లిపోండి’ అంటారు? మామూలు వృద్ధాశ్రమాలు చాలావరకు తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లనే చేర్చుకుంటాయి. డిమెన్షియా అని దాచి చేర్చిస్తే నెల తిరక్కుండా ఫోనొస్తుంది.

భాష, భోజనం సంగతి మాకు తట్టనే లేదు. మొదటి హోమ్‌లో అటెండెంట్లు మంచివాళ్లే గానీ తెలుగు రాదు. నాన్న సర్వీసంతా మాట్లాడిన హిందీ అప్పటికే ఆయనను వదిలిపోయింది. రాత్రి చపాతీలు పెట్టేవారు. పెరుగన్నం తింటే గానీ భోజనం అయినట్టు ఆయనకు తెలియదు. కంచం ముందు అలాగే కూర్చుని ఉంటే మొండికేస్తున్నారని రాసుకున్నారు. రెండో చోట మొదటి రోజే ఒక పేజీ రాసిచ్చాం: ఏమని పిలవాలి, ఎటు చెవి వినపడదు, పెరుగన్నం, ‘బండి లేటు’ మాట.

చేర్చేది పొద్దున పూట పెట్టుకోండి. వాడిన దుప్పటే తీసుకెళ్లండి, కొత్తది వద్దు. రెండు వారాలు రావద్దని కొందరు చెబుతారు, నేనైతే ఒప్పుకోను. వేళ మార్చి మార్చి వెళ్లండి. నెలకోసారి బరువు చూడమనండి. తిండి సరిగా వెళ్తోందో లేదో అదే చెబుతుంది. మంచాన ఉన్నవాళ్లకైతే మడమలు, నడుం కింద చర్మం పుండ్లు పడిందేమో మీరే తిప్పి చూడండి.

ఎక్కడ మొదలెట్టాలో తెలియకపోతే పెద్దల హెల్ప్‌లైన్ 14567కు ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా చేయొచ్చు. అల్జీమర్స్ రోగుల కుటుంబాల కోసం పనిచేసే ఏఆర్‌డీఎస్‌ఐకి హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది.

నాన్నను చేర్చిన నెలలో అమ్మను డాక్టరుకు చూపించాం. షుగరు పరీక్ష చేయించుకుని రెండేళ్లు దాటిందని అప్పుడు చెప్పింది. రెండు కళ్లకూ శుక్లాలున్నాయి. ఏడాదిగా ఆ కళ్లతోనే నాన్న మాత్రలు వేరుచేసి వేస్తోందట.