స్నానం మధ్యలో గీజర్ ఆరిపోతోందా? ముందు దాన్ని తిట్టకండి

కార్తీకమాసం వచ్చిందంటే విశాఖలో గ్యాస్ గీజర్లు బాగుచేసే నా ఫోను తెల్లవారుజామున నాలుగున్నరకే మోగుతుంది. ఒళ్లంతా సబ్బు నురగతో నిలబడి చేసేవాళ్లే ఎక్కువ. “పోయినేడే కొన్నామండీ, అప్పుడే పాడైపోయింది” అంటారు. గ్యాస్ గీజర్ దానంతటది ఆరిపోతే చాలాసార్లు పాడైనట్టు కాదు. లోపలున్న కాపలాల్లో ఏదో ఒకటి తన పని చేసిందన్నమాట. ఏదో తేలితే రిపేరు సగం అయినట్టే.

ట్యాప్ తిప్పగానే నీటి తోపుకి లోపలి రబ్బరు పొర (డయాఫ్రమ్) కదిలి చిన్న మైక్రోస్విచ్‌ని నొక్కుతుంది. అప్పుడు టకటకమని స్పార్క్ వస్తుంది, గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, మంట అంటుకుంటుంది. మంటలో నిలబడ్డ సెన్సార్ పిన్ను “వెలిగింది” అని కబురు పంపాలి. కొన్ని సెకన్లలో ఆ కబురు రాకపోతే వాల్వ్ మూసుకుపోతుంది. గొలుసు ఎక్కడ తెగిందో చెవితో, కంటితోనే చాలావరకు పట్టేయొచ్చు.

ట్యాప్ తిప్పితే చప్పుడే లేదు

ముందు సెల్లులు. లోపల 1.5 వోల్టుల లావు సెల్లులు రెండుంటాయి. మార్చేటప్పుడు రెండూ ఒకేసారి మార్చండి. పెదవాల్తేరు, లాసన్స్‌బే కాలనీ వైపు సముద్రం గాలికి సెల్లు పెట్టే చోట పచ్చగా చిలుము పడుతుంది. కొత్త సెల్లులు వేసినా కరెంటు దాటదు. సెల్లులు తీసేసి గరుకు కాగితంతో రుద్దితే చాలు. ఇలా రుద్ది మాత్రమే వచ్చేసిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి, డబ్బులడగడానికి మొహమాటంగా ఉంటుంది.

సెల్లులు బాగుంటే నీటి ఒత్తిడి చూడాలి. షవర్ కంటే ట్యాంకు పది అడుగులు ఎత్తులో ఉంటే వచ్చే ఒత్తిడి 0.3 బారే. పై అంతస్తు వాళ్లకి అదీ ఉండదు. షవర్ కట్టేసి కింది కుళాయి పూర్తిగా తిప్పండి. అప్పుడు వెలిగితే తప్పు గీజర్‌ది కాదు. నీళ్లు లోపలికొచ్చే నట్టు విప్పితే చిన్న జాలీ ఉంటుంది, ఇసక పట్టిందేమో కడగండి.

టకటక వస్తోంది, మంట లేదు

సిలిండర్ కొత్తగా మార్చారా? పైపులో గాలి పోయేదాకా రెండు మూడుసార్లు ట్యాప్ కట్టి తిప్పండి. “పొయ్యి వెలుగుతోంది కదా, గ్యాస్ ఉన్నట్టే కదా” అంటారు. నిమిషానికి ఆరు లీటర్లిచ్చే గీజర్ తాగే గ్యాస్ దాదాపు ఐదు పొయ్యి బర్నర్లకి సరిపోతుంది. 14.2 కేజీల సిలిండర్ అడుగంటినప్పుడు పొయ్యికి చాలినంత ఆవిరి గీజర్‌కి చాలదు.

వెలిగి, ఐదారు సెకన్లలో ఆరిపోతోంది

ఇది సెన్సార్ పిన్ను పనే. మసో, ఉప్పు పొరో పట్టి మంట ఉన్నా లేదనుకుంటుంది. రెగ్యులేటర్ కట్టేసి, చల్లారాక, జీరో నంబరు గరుకు కాగితంతో పిన్నుని మెల్లగా తుడవండి. వంచకండి. దాని వైరు వదులైనా ఇదే జబ్బు.

బాగానే వెలిగి, మధ్యలో ఆరిపోతోంది

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. చాలా మోడళ్లలో 20 నిమిషాలకి ఆగే టైమర్ ఉంటుంది, అది మామూలే. అంతకంటే ముందే ఆగితే, వేడి మితిమీరినప్పుడు మంట ఆపే ఓవర్‌హీట్ స్విచ్ అనుకోండి. నీళ్లు వేడెక్కే రాగి పెట్టెకి ఆనుకుని రూపాయి బిళ్లంత ఉంటుంది. నీళ్లు సన్నగా పారుతూ మంట ఎక్కువైతే, రాగి రెక్కల్లో మసి నిండితే, గొట్టంలో సున్నం పేరుకుంటే అది కరెంటు తెంపేస్తుంది. వేసవిలో నాబ్ సమ్మర్ వైపు తిప్పితే కొంత నయం.

మొన్న ఎంవీపీ కాలనీలో ఒక పెద్దావిడ పిలిచారు. “ముందొచ్చినబ్బాయి బాగానే చేశాడు బాబూ, నెల్రోజుల్నుంచి ఒక్కసారి కూడా ఆరలేదు. కానీ స్నానం చేసొస్తే మా మనవరాలు తలనొప్పంటోంది.” మూత విప్పాను. ఓవర్‌హీట్ స్విచ్ వైర్లు రెండూ కోసి, మెలేసి, నల్ల టేపు చుట్టి ఉన్నాయి. స్విచ్ని తప్పించి వైర్లు నేరుగా కలిపేయడం, మా భాషలో ‘డైరెక్ట్ చేసేయడం’. టేపు జిగురు కరిగి కారింది. తలెత్తి చూస్తే వెంటిలేటర్‌కి దోమలు రాకుండా థర్మాకోల్ అడ్డం. గీజర్ బాత్రూంలోనే ఉంది.

రెగ్యులేటర్ కట్టేసి, “అమ్మా, ఇవాళ దీన్ని వెలిగించను” అన్నాను. గాలి చాలక గ్యాస్ సగం సగం మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ చోటు అది ఆక్రమిస్తుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేట్టుండడం దాని గుర్తులు. అలా అనిపిస్తే వెంటనే బయటి గాలిలోకి రావాలి, 108కి చేయాలి. లోపల పడిపోతే తలుపు తీసేవాళ్లుండరు.

మర్నాడు రాగి పెట్టె కడిగి, పాత స్విచ్ మీద అచ్చేసిన డిగ్రీలే ఉన్న కొత్తది వేసి, గీజర్‌ని యుటిలిటీ బాల్కనీలోకి మార్చాను. పైపు కొంత ఖర్చయింది, ఆవిడ కాస్త గొణిగారు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అని కొందరు బాత్రూంలోనే ఉంచుతారు. నేను ఒప్పుకోను. మూసిన గదిలో ఫ్యాన్ గాలిని లాగుతుంది సరే, లోపలికి వచ్చే దారేది?

మంట పసుపుగా ఉన్నా, ధబ్‌మని అంటుకున్నా

వాడకం ఆపేయండి. బర్నర్‌లో దుమ్మో సాలెగూడో ఉంటుంది. మంట నీలంగా ఉండాలి. ఇది మీరు విప్పే పని కాదు.

గ్యాస్ వాసన

2020 మేలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకయ్యాక ఈ ఊళ్లో గ్యాస్ లీకంటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. కంగారు పడకుండా రెగ్యులేటర్ కట్టేయండి, కిటికీలు, తలుపులు తీయండి. లైటు, ఫ్యాను స్విచ్ వేయొద్దు, తీయొద్దు. ఎల్పీజీ గాలి కంటే బరువు కాబట్టి నేల మీదే పాకుతుంది, బాల్కనీ తలుపు తీస్తే అటు పోతుంది. బయటికొచ్చాక గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయండి. తర్వాత జాయింట్ల మీద సబ్బు నీళ్లు రాసి బుడగలొస్తాయేమో చూడాలి. అగ్గిపుల్ల గీసి వెతికేవాళ్లని ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.