గుడ్లగూబ నాణెం ఎన్ని తులాలు?

పోయినేడు మా బావమరిది లండన్ నుంచి వస్తూ పాతకాలపు గ్రీకు నగరం ఏథెన్స్ వాళ్ల గుడ్లగూబ బొమ్మ నాణెం ఒకటి మా కొట్టుకు తెచ్చాడు. వెండిది, నాలుగు ద్రాఖ్మాల నాణెం. ద్రాఖ్మా అంటే గ్రీకుల నాణెం, తూకం కూడా. కాటా మీద పెడితే 17.15 గ్రాములు చూపించింది. "1.7 తులాలు పైనే" అన్నాను. మూల కూర్చున్న నాన్న తలెత్తకుండానే "ఏ తులంరా?" అన్నాడు.

నిజమే. కొట్లో ఇప్పుడు తులం అంటే 10 గ్రాములు. పాత తులం 11.664 గ్రాములు. పాత కొలత కావాలంటే 17.15ని 11.664తో భాగించాలి. 1.47 వస్తుంది, అంటే తులంన్నర కూడా నిండదు.

పాత ఇంగ్లీషు కేటలాగుల్లో బరువు గ్రెయిన్లు అనే చిన్న ఇంగ్లీషు తూకంలో ఉంటుంది. అదింకా తేలిక. పాత తులానికి సరిగ్గా 180 గ్రెయిన్లు. కాబట్టి ఈ నాణెం బరువు 265 గ్రెయిన్లను 180తో భాగిస్తే అదే 1.47. ఔన్సుల్లో ఇస్తే మాత్రం అది బంగారం, వెండి తూచే ట్రాయ్ ఔన్సేనా అని చూసుకోండి. అది 31.1 గ్రాములు, కిరాణా ఔన్సు 28.35. మూడు ట్రాయ్ ఔన్సులకు ఎనిమిది పాత తులాలు, అది గుర్తుంటే చాలు.

ఇక అసలు తిరకాసు గ్రీకుల వైపు ఉంది. ద్రాఖ్మా అన్నంత మాత్రాన బరువు తెలియదు, ఏ ఊరిదో అడగాలి. ఏథెన్స్ ద్రాఖ్మా సుమారు 4.3 గ్రాములు. ఈజినా ద్వీపం వాళ్లది 6 గ్రాములు దాటుతుంది. తాబేలు బొమ్మ ఉండే వాళ్ల స్టేటర్ అనే పెద్ద నాణెం 12.2 గ్రాములు, మన పాత తులం కంటే రవ్వంత ఎక్కువ. కోరింథ్ వాళ్ల స్టేటర్ 8.6 గ్రాములు, ఏథెన్స్ రెండు ద్రాఖ్మాలంతే. కానీ వాళ్లు దాన్ని మూడు ద్రాఖ్మాలుగా లెక్కపెట్టేవాళ్లు! అలెగ్జాండర్ బంగారు స్టేటర్ కూడా 8.6 గ్రాములే. మన 8 గ్రాముల కాసుతో చూస్తే కాసు మీద కొంచెం.

పుస్తకంలో చెప్పే ఈ ప్రామాణిక బరువు నాణెం ముద్రించిన నాటిది. చేతులు మారి అరిగిన నాణెం కొంత తగ్గుతుంది, అందుకే ముందు కాటా, తర్వాతే లెక్క.

చిన్న నాణేలకు తులం పనికిరాదు, గురిగింజ పట్టుకోండి. పాత లెక్కలో తులానికి 96 గింజలు, ఒక్కోటి 0.1215 గ్రాములు. ఏథెన్స్‌లో ద్రాఖ్మాకు ఆరు ఒబోల్‌లు, ఒబోల్ 0.72 గ్రాములు. ఒబోల్ బరువును గింజ బరువుతో భాగిస్తే 5.9 వచ్చింది. నేను ఫోన్లో ఇంకా నొక్కుతుండగానే నాన్న తన పాత డబ్బాలోంచి ఆరు గింజలు ఏరి కాటా మీద వేశాడు. 0.70 చూపించింది. "ఎండిపోయాయి" అంటూ ఇంకో గింజ కోసం డబ్బా వెతికాడు.